విడాకులైనా ఓడీ ఖాతా ఇద్దరి పేరనే ఉండిపోయింది: నా అనుభవం

మా విడాకుల డిక్రీలో "వ్యాపారం అప్పులన్నీ భర్తే తీర్చుకోవాలి, భార్యకు వాటితో ఎలాంటి సంబంధం లేదు" అని స్పష్టంగా రాసి ఉంది. జడ్జిగారి సంతకం ఉంది, కోర్టు సీలు ఉంది. అయినా 2023లో బ్యాంకు నుంచి నాకు నోటీసు వచ్చింది, ₹6,42,000 కట్టమని. ఆ నోటీసు దగ్గర్నుంచి గొడవ తేలేదాకా ఏం జరిగిందో వివరంగా రాస్తున్నా, ఎందుకంటే అప్పుడు నేను ఎంత వెతికినా ఇలాంటి విషయం తెలుగులో రాసినవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. ఇప్పుడు మా కంపెనీలోనే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నన్ను పక్కకు పిలిచి ఇదే అడుగుతున్నారు.

ముందు ఖాతా సంగతి. పెళ్లయ్యాక మేం శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఉండేవాళ్లం. ఆయనది జీడిపప్పు వ్యాపారం, ఉద్దానం రైతుల దగ్గర పిక్కలు బస్తాల లెక్కన కొని, కొట్టించి, పప్పు బయటి ఊళ్ల షావుకార్లకు పంపేవారు. పిక్కలు ఎండాకాలంలో వస్తాయి, రైతుకు అప్పటికప్పుడు డబ్బు ఇవ్వాలి, షావుకార్ల దగ్గర్నుంచి డబ్బు వచ్చేసరికి నెలలు పడుతుంది. ఆ మధ్య కాలం గడవడానికి 2016లో బ్యాంకులో ₹5 లక్షల ఓడీ తీసుకున్నాం. ఓడీ అంటే ఓవర్‌డ్రాఫ్టు, ఖాతాలో డబ్బు లేకపోయినా ఒక లిమిట్ దాకా తీసుకోగలిగే అప్పు. నేనప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నా జీతం స్లిప్పు కూడా ఉంటేనే లిమిట్ ఇస్తామన్నారు, అందుకని ఖాతా ఇద్దరి పేరా తెరిచారు, ఓడీ అగ్రిమెంటు మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. ఎవరో ఒకరు సంతకం చేస్తే చాలు, డబ్బు తీసుకోవచ్చు అనే పద్ధతి. ఆ ఖాతా చెక్కుబుక్కు నేనెప్పుడూ వాడలేదు. ఒక్క రూపాయి కూడా నా చేత్తో తీయలేదు. ఈ మాట తర్వాత బ్యాంకులో ఎంతమందికి చెప్పానో. దాని వల్ల ఏ ఉపయోగమూ లేదు, ఎందుకో కింద రాస్తాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఉద్దానంలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తరతరాలుగా ఉన్న జీడి చెట్లు, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మళ్లీ మొక్క వేస్తే కాపుకొచ్చేదాకా ఎన్ని సంవత్సరాలు ఆగాలి! మాకు పిక్కలిచ్చే రైతులే పనికి బయటి ఊళ్లకు వెళ్లిపోయారు. బయటి నుంచి పిక్కలు తెప్పిస్తే గిట్టుబాటు కాలేదు, ఓడీ నిండిపోయింది, ఇంట్లో రోజూ గొడవలు. ఆయన మీద చాడీలు చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ వ్యాపారం దెబ్బతిన్నది తుపాను వల్లే, అది ఒప్పుకుంటాను. మేం విడిపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ అనవసరం.

2019 చివర్లో పాపని తీసుకుని శ్రీకాకుళంలో మా నాన్నగారి ఇంటికి వచ్చేశాను. నాన్న సహకార సొసైటీలో సెక్రటరీగా చేసి రిటైర్ అయ్యారు, కాగితం విలువ తెలిసిన మనిషి. నేను వచ్చిన వారంలోనే అన్నారు, "కోర్టు సంగతి తర్వాత చూద్దాం గానీ అమ్మా, ముందు బ్యాంకుకి కాయితం ఎట్టు." నాన్నే కూర్చుని రాయించారు. ఆ ఉత్తరం ఇంచుమించు ఇలా ఉంది:

"ఫలానా నంబరు గల జాయింటు ఖాతాలో నేను రెండో ఖాతాదారుని. మా ఇద్దరి మధ్య విభేదాలు ఉన్నందున ఈ రోజు నుంచి ఇద్దరి సంతకాలు లేకుండా ఈ ఖాతాలో డబ్బు తీయడానికి అనుమతించవద్దు. చెక్కులు, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్ ద్వారా చెల్లింపులు నిలిపివేయండి. ఓడీ లిమిట్ నా సంతకం లేకుండా పొడిగించవద్దు, పెంచవద్దు. ఈ తేదీ తర్వాత ఖాతాలో తీసిన సొమ్ముకు నేను బాధ్యురాలిని కాను. ఈ రోజుకి ఉన్న బాకీ ఎంతో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

2020 జనవరిలో బ్రాంచికి వెళ్లి ఇచ్చాం. అక్కడి ఆఫీసరు ఉత్తరం తీసుకుని "సరే మేడమ్, చూస్తాం, మీరు వెళ్లండి" అన్నారు. నాన్న కదల్లేదు. రెండో కాపీ మీద ఉత్తరం అందినట్టు బ్యాంకు ఇన్‌వర్డు సీలు, తేదీ, సంతకం వేసేదాకా ఆ కౌంటరు ముందే నిలబడ్డారు. బాకీ ఎంతో రాసివ్వలేదు గానీ ఆ రోజుకి స్టేట్‌మెంటు ప్రింటు తీసి ఇచ్చారు. బాకీ ₹4,18,360. సీలు వేసిన ఆ కాపీ, ఆ స్టేట్‌మెంటు, ఈ రెండు కాగితాలే తర్వాత నన్ను కాపాడాయి.

తర్వాత పరస్పర అంగీకారంతో విడాకులకు, అంటే హిందూ వివాహ చట్టం 13బి కింద, వేశాం. కరోనా వల్ల వాయిదాలు సాగి 2021లో డిక్రీ వచ్చింది. ఈలోగా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది, కంపెనీ బస్సులో రోజూ వెళ్లొస్తున్నాను. కంపెనీ వాళ్లు జీతం ఖాతా తెరిపించింది అదే బ్యాంకులో, కాకపోతే వేరే బ్రాంచి.

నోటీసు వచ్చిన నెలలోనే ఒక రోజు పాల ప్యాకెట్లకి ఫోన్‌తో డబ్బు కడుతుంటే ఫెయిల్ అయింది. ఖాతాలో జీతం పడింది, కనిపిస్తోంది, కానీ తీయడానికి లేదు. లీన్ పెట్టారట, అంటే ఆ సొమ్ము కదలకుండా బ్యాంకు ఆపేసింది. పాప స్కూలు ఫీజు కట్టాల్సిన సమయం. ఆ రోజు పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. బ్రాంచికి వెళ్తే "మీ జాయింటు ఓడీ ఎన్‌పీఏ అయింది మేడమ్, సిస్టమే పట్టేసింది" అన్నారు. ఎన్‌పీఏ అంటే మొండి బాకీ. విడాకుల డిక్రీ చూపించాను. ఆ అబ్బాయి మర్యాదగానే చదివి, "ఇది మీకూ మీ సార్‌కీ మధ్య ఉన్న ఒప్పందం, ఇందులో బ్యాంకు పార్టీ కాదు కదా" అన్నాడు.

కోపంతో ఇంటికొచ్చాను గానీ, లాయరుగారిని అడిగితే ఆ అబ్బాయి చెప్పింది నిజమే అన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి మాట ఇస్తే, అప్పిచ్చినవాడు ఆ ఇద్దరిలో ఎవర్నైనా పట్టుకుని మొత్తం అడగొచ్చు. సగం సగం అనేది బ్యాంకుకి అక్కర్లేదు. ఎవరు వాడుకున్నారు అన్నదీ అక్కర్లేదు. కట్టినవాళ్లు తర్వాత రెండోవాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు, అది వాళ్లిద్దరి గొడవ. డిక్రీ మా ఇద్దరినీ కట్టిపడేస్తుంది, కోర్టులో లేని బ్యాంకుని కట్టిపడేయదు. అందుకే నేను ఒక్క రూపాయి తీయలేదని ఎంత మొత్తుకున్నా వాళ్లకి పట్టలేదు. ఇది చాలామందికి తెలియదు, చదువుకున్నవాళ్లకి కూడా. విడాకులైతే జాయింటు అప్పు దానంతటదే తెగిపోతుందనుకుంటారు. హోమ్ లోన్‌లో కో-అప్లికెంట్‌గా ఉన్నా, హామీ సంతకం పెట్టినా ఇదే పరిస్థితి. బ్యాంకు ఒప్పుకుని కొత్త కాగితాలు రాయించుకుంటే తప్ప మన పేరు పోదు.

లాయరు ఫీజు గురించి ఒక మాట. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఉంది. జీతం వస్తున్నవాళ్లకు కూడా వర్తిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, అక్కడ ఒక అర్జీ ఇచ్చాను, ప్యానెల్ అడ్వకేట్‌ని పెట్టారు. వెళ్లలేనివాళ్లు 15100కి ఫోన్ చేయొచ్చు. ఉచితం కదా, సరిగ్గా చూడరేమో అని మా అమ్మ భయపడింది. నాకు దొరికిన మేడమ్ మాత్రం కాగితాలన్నీ ఓపిగ్గా చదివారు. ఆవిడకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ముందు జీతం విడిపించుకోవాలి. మా మేడమ్ చెప్పినట్టు బ్రాంచికి కాకుండా బ్యాంకు గ్రీవెన్స్ విభాగానికి, అంటే ఫిర్యాదులు చూసేవాళ్లకి, మెయిల్ పెట్టాను. ముందస్తు నోటీసు ఇవ్వకుండా నా సొంత ఖాతా మీద ఏ అగ్రిమెంటులో ఏ షరతు కింద లీన్ పెట్టారో చెప్పమని, ఆ అగ్రిమెంటు కాపీ పంపమని, 2020లో ఇచ్చిన ఉత్తరం మీద ఏ చర్య తీసుకున్నారో చెప్పమని మూడే మూడు ప్రశ్నలు. బ్యాంకు 30 రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఆన్‌లైన్‌లోనే, దానికి ఫీజు లేదు, వివరాలకు 14448 నంబరు ఉంది. ఆ సంగతి కూడా మెయిల్ చివర్లో రాశాను. ఆ గడువు తీరకముందే లీన్ తీసేశారు. తీసిన రోజే ఉన్న డబ్బు వేరే బ్యాంకుకి మార్చి, హెచ్‌ఆర్‌లో చెప్పి జీతం ఖాతా కూడా మార్పించాను. అప్పున్న బ్యాంకులోనే జీతం పడుతుంటే రేపు మళ్లీ పట్టరని నమ్మకం లేదు. ఇలాంటి చిక్కులో ఉన్నవాళ్లు ఎవరైనా ముందు చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం.

వసూలు ఏజెంట్ల ఫోన్లు మాత్రం ఆగలేదు. ఒకాయన రాత్రి తొమ్మిదింటికి చేసి పాప వింటుండగా గట్టిగా మాట్లాడాడు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే స్పష్టంగా చెప్పింది. ఆ కాల్ టైమ్ స్క్రీన్‌షాట్ తీసి అదే మెయిల్‌కి జత చేశాను. ఆ తర్వాత రాత్రి ఫోన్లు రాలేదు.

ఇక అసలు విషయం. గ్రీవెన్స్ వాళ్లు అగ్రిమెంటు కాపీతో పాటు 2020 నుంచి స్టేట్‌మెంటు మొత్తం పంపారు. నా ఉత్తరం గురించి మాత్రం "బ్రాంచి రికార్డులో పరిశీలిస్తున్నాం" అని ఒక్క ముక్క. అంటే ఉత్తరం ఫైల్లో పడుకుంది, సిస్టమ్‌లో ఎక్కలేదు. సీలు వేసిన ఆఫీసరు ఎప్పుడో ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిపోయారు. ఉత్తరం ఇచ్చిన తర్వాత కూడా నా మాజీ భర్త ఒక్కరి సంతకంతోనే ఖాతా నడిచింది, చెక్కులు పాసయ్యాయి, లిమిట్ రెన్యూవల్ కాగితాల మీద ఆయనొక్కరే సంతకం పెట్టారు. ఒక మనిషి పనిగట్టుకుని వచ్చి, రాసిచ్చి, సీలు వేయించుకుని వెళ్తే దాన్ని పక్కన పడేయడం ఎంత అన్యాయం! ఆ ఒక్క ఎంట్రీ ఆ రోజే కంప్యూటర్లో వేసి ఉంటే ఇంత దాకా వచ్చేదే కాదు.

నేను అప్పటికి ఒకటే వాదన అనుకున్నాను, ఉత్తరం రోజుకున్న ₹4,18,360 వరకే నాది, తర్వాతది కాదు అని. మా మేడమ్ కూడా అది బలమైన మాటే అన్నారు. కానీ నాలుగు లక్షలు మాత్రం నేనెక్కడ తేను? అప్పుడు నాన్న తన పాత స్నేహితుడి దగ్గరికి తీసుకెళ్లారు. అరసవల్లి వెళ్లే దారిలో ఉంటారు, వేరే బ్యాంకులో మేనేజరుగా రిటైర్ అయ్యారు, నేను మావయ్యగారూ అని పిలుస్తాను. స్టేట్‌మెంటు కాగితాలు చాప మీద వరసగా పరుచుకుని, పెన్సిలు తీసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తలెత్తి, "ఏటమ్మా, ఇది ఎవరైనా పూర్తిగా చదివారేటి?" అన్నారు.

ఆయన చూసింది తీసిన డబ్బు కాదు, వేసిన డబ్బు. ఉత్తరం తేదీ దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీశారు. ఆ గీత కింద కుడివైపు కాలమ్‌లో షావుకార్ల నుంచి వచ్చిన జమలకు ఒక్కోదానికి సున్నా చుట్టారు. ₹62,000, తర్వాత ₹85,000, ఒక సీజన్‌లో ₹1,20,000, చివర్లో ₹64,000. కలిపితే ₹3,31,000. "నీ గీతకి పైన ఉన్నది పాత అప్పు. కింద తీసింది కొత్త అప్పు. ఖాతా ఆపకుండా నడిపారు కాబట్టి, కింద వచ్చిన ప్రతి జమా ముందు పాత అప్పుకే పోతుంది" అన్నారు. ఖాతాలో ఏ జమ ఏ అప్పుకి అని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనప్పుడు, ముందు తీసిన అప్పే ముందు తీరినట్టు లెక్క. 1816లో ఇంగ్లండులో క్లేటన్ అనే ఒకాయన కేసులో వచ్చిన సూత్రమట, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లంతా చదువుకునేదే. మన కాంట్రాక్టు చట్టంలో కూడా 59 నుంచి 61 వరకు సెక్షన్లు చెల్లింపులు ఏ అప్పుకి జమ కట్టాలో చెప్తాయి.

ఇంకో మాట కూడా చెప్పారు. జాయింటు ఖాతాదారుల్లో ఒకరు చనిపోయినా, ఒకరు ఆపమని రాసిచ్చినా, తెలిసిన మేనేజరు వెంటనే పాత ఖాతా అక్కడికి ఆపేసి, కొత్త లావాదేవీలకు వేరే ఖాతా తెరుస్తాడట, సరిగ్గా ఈ లెక్క తన నెత్తి మీదకి రాకూడదని. ఇక్కడ అది చేయలేదు. అంటే ₹4,18,360లో ₹3,31,000 తీరిపోయింది. నా మీద మిగిలింది ₹87,360, దానికి వడ్డీ. మిగతాదంతా గీత కింద ఆయనొక్కరి సంతకంతో తీసింది, దాని వడ్డీ. నేను కాలిక్యులేటర్‌లో మళ్లీ మళ్లీ కొట్టి చూసుకున్నా. ఆరు లక్షల నలభై రెండు వేలు అని ఉన్న చోట ఎనభై ఏడు వేలు! ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది.

గడువు తీరిపోయిన అప్పు అని వాదించవచ్చా అని కూడా మేడమ్‌ని అడిగాను. మామూలుగా లిమిటేషన్, అంటే అప్పు కోసం కేసు వేయడానికి గడువు, మూడేళ్లు, పైగా ఆయనొక్కరే సంతకం పెట్టిన రెన్యూవల్ కాగితం నా మీద గడువు పొడిగించదు, జాయింటు బాకీదారుల్లో ఒకరి ఒప్పుకోలు రెండోవాళ్లని కట్టిపడేయదని లిమిటేషన్ చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. కానీ 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కరోనా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది కాబట్టి, మా విషయంలో దాని మీదే ఆధారపడటం మంచిది కాదన్నారు. అందుకని ఆ దారి పక్కన పెట్టాం. బ్యాంకు వాళ్లు మధ్యలో "ఇదిగో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్, ఊరికే ఫార్మాలిటీ, సంతకం పెట్టండి" అని ఒక కాగితం పంపారు. అందులో పూర్తి బాకీ రాసి ఉంది. ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. అలాంటిది మీ దగ్గరికి వస్తే లాయరుకి చూపించకుండా పెన్ను పట్టుకోవద్దు, అది ఫార్మాలిటీ కానే కాదు, అప్పు ఒప్పుకున్నట్టు.

కొన్నాళ్లకి లోక్ అదాలత్ నుంచి నోటీసు వచ్చింది, కేసు వేయకముందే రాజీ కోసం బ్యాంకు పెట్టుకున్నది. నోటీసు చూసి అమ్మ ఏడ్చింది, అరెస్టు చేస్తారేమోనని. అక్కడ అలాంటిదేమీ ఉండదు. జిల్లా కోర్టు ఆవరణలో ఒక్కో హాల్లో బెంచి, బెంచి ముందు బ్యాంకుల వాళ్లు ఫైళ్లతో, బయట వరండాలో మనలాంటి జనం. చాలామంది ట్రాక్టరు లోన్ల వాళ్లు, డ్వాక్రా అప్పుల వాళ్లు. లోక్ అదాలత్‌లో తీర్పు చెప్పరు, ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, రాస్తారు. ఒప్పుకోకపోతే ఎవరి దారి వాళ్లది. కానీ ఒకసారి సంతకం పెట్టాక అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. పక్కన ఒక ముసలాయన ఏం రాశారో వినకుండానే వేలిముద్ర వేయబోతుంటే మా మేడమ్ ఆపి, చదివి వినిపించాలని అడిగారు. ఆ పెద్దాయన మొహం నాకింకా గుర్తుంది.

మా వంతు వచ్చినప్పుడు బ్యాంకు రికవరీ ఆఫీసరు "వడ్డీ మాఫీ చేస్తాం, ఐదు లక్షలు కట్టేయండి మేడమ్, మంచి ఆఫర్" అన్నారు. నేను ముందు సీలున్న ఉత్తరం బెంచి మీద పెట్టాను. తర్వాత పెన్సిలు గీత ఉన్న స్టేట్‌మెంటు. మావయ్యగారు రాసిచ్చిన లెక్క ఒకటే పేజీ, తేదీ, జమ, మిగిలిన పాత బాకీ, అంతే. బెంచి మీదున్న జడ్జిగారు ఉత్తరం మీద సీలు దగ్గరగా పట్టుకుని చూశారు, రికవరీ ఆఫీసరు వైపు తిరిగి "ఇది మీ సీలేనా?" అని అడిగారు. ఆయన ఫోన్ తీసుకుని బయటికి వెళ్లారు. తిరిగొచ్చి రీజనల్ ఆఫీసు అనుమతి కావాలన్నారు. తర్వాతి లోక్ అదాలత్‌కి వాయిదా పడింది.

ఆ మధ్య కాలంలో వాళ్లు ఫోన్లో బేరం ఆడుతూనే ఉన్నారు, మూడు లక్షలు, రెండున్నర అని. నాకు చెప్పండి అని కాకుండా రాసి పంపండి అనేదాన్ని. ఒక పాయింటు దగ్గర వాళ్ల అసలు భయం బయటపడింది. నన్ను తక్కువకి వదిలేస్తే ఆయన్ని అడిగే హక్కు కూడా పోతుందేమోనని. పోదు. జాయింటు బాకీదారుల్లో ఒకరిని వదిలేసినా మిగతావాళ్ల బాధ్యత అలాగే ఉంటుందని కాంట్రాక్టు చట్టం 44వ సెక్షన్. మా మేడమ్ ఆ సెక్షన్ రాసి పంపాక మాట తీరే మారిపోయింది.

చివరికి వడ్డీతో కలిపి ₹1,30,000కి కుదిరింది. ₹87,360కి వడ్డీ కచ్చితంగా లెక్కేస్తే ఇంకొంచెం తగ్గేదేమో, కానీ కోర్టులో ఏళ్ల తరబడి తిరగడం కంటే ఇదే నయమనిపించింది, అందరం కూర్చుని ఆలోచించుకునే ఒప్పుకున్నాం. అవార్డులో పదాల కోసం మాత్రం పట్టుబట్టాం. "రెండో ఖాతాదారు బాధ్యత ఈ చెల్లింపుతో పూర్తిగా తీరినది, మిగిలిన బాకీ కోసం బ్యాంకు మొదటి ఖాతాదారుపై మాత్రమే చర్యలు తీసుకోవలెను, క్రెడిట్ సమాచార సంస్థలకు ఆ మేరకు తెలియజేయవలెను." ఈ మూడో ముక్క లేకపోతే డబ్బు కట్టి కూడా సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ దగ్గర, పేరు చెడిపోయే ఉంటుంది. ఆయన కూడా ఆ రోజు వచ్చారు, తన వాటా గురించి బ్యాంకుతో విడిగా మాట్లాడుకున్నారు.

డబ్బు కొంత నా పీఎఫ్ అడ్వాన్సు, కొంత నాన్న ఇచ్చింది. డీడీ రూపంలో కట్టి, రసీదు, నా పేరు మీద బాకీ లేదన్న సర్టిఫికెట్ రెండూ తీసుకున్నాను.

సిబిల్ సంగతి విడిగా చెప్పాలి. జాయింటు ఖాతా ఇద్దరి రిపోర్టుల్లోనూ కనిపిస్తుంది, ఆయన కట్టని ప్రతి నెలా నా రిపోర్టులోనూ ఎక్కింది. సిబిల్ ఒక్కటే అనుకుంటాం గానీ ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి, నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టిన తర్వాత చూస్తే నా పేరు దగ్గర "సెటిల్డ్" అని పడింది. లోన్ ఇచ్చేవాళ్లు ఆ మాట చూస్తే పూర్తిగా కట్టలేదనే అర్థం చేసుకుంటారు. నాలుగు చోట్లా ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ పెట్టి అవార్డు కాపీ జత చేశాను, బ్యాంకుకి కూడా పంపాను. ఇలాంటి ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, ఆ సంగతి ఫిర్యాదులో రాశాను. మూడు చోట్ల సరిచేశారు, నాలుగో చోట మళ్లీ రాయాల్సి వచ్చింది, తర్వాత అదీ అయింది.

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది చెప్పేది "మేం ఉత్తరం ఏదీ ఇవ్వలేదు, ఇప్పుడేం చేయాలి" అని. ఇప్పుడైనా ఇవ్వండి. విడాకులయ్యాయా, కేసు నడుస్తోందా అన్నది చూడక్కర్లేదు. ఇచ్చిన తేదీ దాకా ఉన్నది మీ మీద పడుతుంది నిజమే, ఆ తర్వాతది పెరగకుండా ఆగుతుంది. ఖాతాలో బాకీ లేకపోతే, క్రెడిట్ బ్యాలెన్స్ ఉంటే ఇంకా మంచిది, ఇద్దరూ సంతకం పెట్టి ఖాతానే మూసేయండి. చేత్తో ఇస్తే సీలు వేయించుకోండి, వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి అందినట్టు రుజువు దాచండి, మెయిల్ కూడా పెట్టండి. విడాకుల రాజీ పత్రం రాసుకునేటప్పుడు జాయింటు అప్పు ఎవరు కట్టాలి అనే దగ్గర ఆగకుండా, ఫలానా తేదీలోపు ఖాతా మూసేసి బ్యాంకు నుంచి కాగితం తెచ్చి కోర్టులో దాఖలు చేయాలి అని రాయించుకోగలిగితే చాలా చిక్కులు తప్పుతాయి.

డిక్రీ వల్ల ఉపయోగమే లేదా అంటే, ఉంది, ఆయన మీద. నేను కట్టిన ₹1,30,000 ఆయన నాకివ్వాలి, ఆ మాట ఆయనే సంతకం పెట్టి ఒప్పుకున్నది. అవార్డు, రసీదు, డిక్రీ మూడు కాపీలతో లాయర్ నోటీసు పంపాం. మొదట జవాబు లేదు. తర్వాత వాళ్ల అన్నయ్య ద్వారా కబురు చేసి, సీజన్‌లో కొంత కొంత ఇస్తానన్నారు. మాట కాకుండా రాతలో కావాలన్నాను, వాయిదాల తేదీలతో రాసిచ్చారు. ఇప్పటికి ₹55,000 వచ్చింది, ప్రతిసారీ నా కొత్త బ్యాంకు ఖాతాకే, ఏ వాయిదా డబ్బో రాసి మరీ పంపమన్నాను. మిగతా ₹75,000 కూడా ఆ తేదీల్లోపు రాకపోతే, నేను కట్టిన రోజు నుంచి మూడేళ్లు దాటకముందే కేసు వేయడానికి మా మేడమ్ ప్లెయింటు, అంటే దావా పత్రం, రాసి సిద్ధంగా పెట్టారు.